పొద్దున పూట మాకు వదలండి: నెల్లూరు అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు బహిరంగ లేఖ

నెల్లూరులో అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు నడిపే ప్రెసిడెంట్లకు, సెక్రటరీలకు, కమిటీ మెంబర్లందరికీ నమస్కారం.

నేను మాగుంట లేఔట్, రామలింగాపురం, దర్గామిట్ట వైపు ఇళ్లల్లో పెంచుకునే కుక్కల్ని వాకింగ్‌కి తీసుకెళ్లే పని చేస్తాను. మీలో చాలామంది నన్ను చూసే ఉంటారు. ఈ మధ్య నేను వెళ్లే అపార్ట్‌మెంట్లలో ఒకచోట నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించారు. ఆ అపార్ట్‌మెంట్ పేరు రాయను, ఎవర్నో బజారుకీడ్చడం నాకు అవసరం లేదు, పైగా అదే రూలు తమ దగ్గర కూడా పెట్టాలని ఇంకొన్ని చోట్ల మాట్లాడుకుంటున్నారని వాచ్‌మన్ అన్నలు చెబుతున్నారు. అందులో ఉన్నది ఏందంటే, పొద్దున తొమ్మిదింటి లోపల, సాయంత్రం నాలుగు దాటాక కుక్కల్ని కిందికి దించకూడదు, ఎందుకంటే ఆ టైమ్‌లో పెద్దవాళ్లు నడుస్తారు, పిల్లలు ఆడుకుంటారు. రెండోది, కుక్కలు, పనివాళ్లు లిఫ్ట్ ఎక్కకూడదు, మెట్లే వాడాలి.

అంటే కుక్కని తిప్పడానికి మాకు మిగిలింది తొమ్మిది నుంచి నాలుగు. నెల్లూరు ఎండలో.

దయచేసి ఆ రూలు తీసెయ్యండి, ఇంకా పెట్టనివాళ్లు పెట్టకండి. ఎండ ఎక్కకముందు పొద్దున ఒక గంటో గంటన్నరో, పొద్దుగూకాక ఇంకో గంట, ఎక్కి దిగడానికి లిఫ్ట్, ఇంతకు మించి నేనేమీ అడగడం లేదు. ఎందుకు అడుగుతున్నానో కొంచెం వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

మన ఎండల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నలభై డిగ్రీలు మామూలే, రోహిణి కార్తె వచ్చిందంటే పదింటికే ట్రంకు రోడ్డు మీద జనం పల్చబడిపోతారు. మనం గొడుగు లేకుండా, నెత్తిన తువ్వాలు లేకుండా, చెప్పులు లేకుండా గడప దాటం. కుక్కకి చెప్పుల్లేవు. ఎండకి కాగిన తారు రోడ్డు గాలి కంటే ఇరవై డిగ్రీల పైనే వేడిగా ఉండొచ్చు, అంటే టీవీలో నలభై అని చెప్పిన రోజు దాని కాళ్ల కింద అరవై దాటుతుంది. నమ్మకం కుదరకపోతే పదకొండింటప్పుడు మీ గేటు ముందుకి వచ్చి అరచేతి వెనక వైపు రోడ్డుకి ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టి చూడండి. చెయ్యి తీసేశారంటే ఆ రోడ్డు మీద కుక్క నడవకూడదు. అట్లాంటి రోడ్డు మీద నడిపిస్తే అరికాళ్లలో మెత్తటి చర్మం బొబ్బలెక్కి ఊడొస్తుంది, ఆ తర్వాత రోజుల తరబడి అది కాళ్లు నాక్కుంటూ, కుంటుకుంటూ, గిన్నె దాకా రావడానికి కూడా ఆలోచిస్తుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కుక్కకి మనకి మాదిరి ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల్లో కాసిని చెమట గ్రంథులు ఉంటాయి, అవి దేనికీ చాలవు. నోరు తెరిచి నాలుక బయట వేసి రొప్పుతుంది చూశారా, ఆ నోట్లో తడి ఆవిరైతేనే దాని ఒంట్లో వేడి దిగుతుంది. మనకేమో సముద్రం పక్కనే, గాలిలో ఎప్పుడూ ఉక్క, ఆ ఉక్కలో ఆవిరి కూడా సరిగ్గా పోదు. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటుంది, 104 దాటితే ప్రమాదం, 106 దాకా పోయిందంటే ప్రాణం మీదికి వస్తుంది. పగ్గులు, షిట్జులు, అట్లా చప్పిడి ముక్కు ఉన్నవి గాలి పీల్చడానికే అవస్థ పడతాయి కాబట్టి అవి ముందు పడిపోతాయి. మంచు దేశాల్లో బండ్లు లాగే హస్కీని నెల్లూరు తెచ్చి పెంచడం నాకు మనసొప్పదు, కొనేవాళ్లకి మొహం మీదే చెబుతాను, కానీ తెచ్చేశాక దాన్ని చూసుకోవాల్సింది మనుషులే కదా. చిగుళ్లు ఎర్రగా కందిపోయి, చొంగ చిక్కబడి తీగలు సాగుతూ, అడుగులు తడబడుతున్నాయంటే వడదెబ్బ కొట్టినట్టే. వెంటనే నీడకి తెచ్చి పొట్ట కింద, తొడల సందుల్లో కుళాయి నీళ్లు పోసి ఫ్యాన్ పెట్టి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. నేను పోయినేడాది ఒక పగ్‌ని అట్లా మోసుకుని ఆటో ఎక్కాను. అది బతికింది. ఆ టెన్షన్ ఇంకో మనిషికి వద్దు.

అందుకే ఎండాకాలంలో నేను అయిదింటికల్లా మొదలుపెడతాను. చెప్పాలంటే ఈ పనిలో నాకు దొరికే సంతోషం సగం ఆ టైమ్‌లోనే ఉంది. రోడ్లన్నీ ఖాళీ, స్వర్ణాల చెరువు వైపు నుంచి చల్లటి గాలి వస్తుంటుంది, పాల ప్యాకెట్ల బండ్లు, పూల బుట్టల ఆడవాళ్లు, గుడిలో సుప్రభాతం, అప్పుడే పొయ్యి వెలిగిస్తున్న టీ కొట్టు అన్న. లక్కీ అని ఒక లాబ్రడార్ ఉంది, అది ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగి ముందు రోజు ఎవరెవరు వచ్చి పోయారో వాసన చూసుకుని గానీ కదలదు. కొత్తలో లాగేదాన్ని, ఇప్పుడు లాగను, ఎందుకంటే కుక్కకి ముక్కే లోకం, దూరం నడవడం కన్నా ఆ వాసనలు చూసుకోవడంతోనే దాని మనసు కుదుటపడుతుంది. రోజంతా నాలుగు గోడల మధ్య ఉండే ప్రాణం అది. ఆ అరగంట బయట తిరిగిన రోజు ఇంట్లో సోఫా కొరకదు, తలుపు గీరదు, పక్కింటి బెల్లు మోగినప్పుడల్లా గొంతు చించుకోదు. కుక్కల అరుపుల గోల ఎక్కువైందని మీకు వచ్చే కంప్లైంట్లలో చాలావాటికి మందు ఇదే.

చేపల బండి వచ్చే టైమ్ మాత్రం కష్టం. బొమ్మిడాయిల వాసన తగిలిందంటే ఇద్దరు మనుషులు పట్టుకున్నా లక్కీ ఆగదు.

నేను మొదట బట్టల షాపులో సేల్స్ చేసేదాన్ని. మా కోవూరు వైపు ఊళ్లో ఇంటి నిండా కుక్కలే కాబట్టి నాకు భయం లేదు. అప్పట్లో మా వీధి చివర ఒక రిటైర్డ్ మాస్టారు, ఆయన భార్య ఉండేవాళ్లు. కొడుకు ముచ్చటపడి కుక్కపిల్లని తెచ్చాడు, వీసా వచ్చింది, అమెరికా వెళ్లిపోయాడు. ఆ పిల్ల ఏడాదికల్లా ముప్పై కిలోల లాబ్రడార్ అయింది. మాస్టారికేమో మోకాళ్లు అరిగిపోయి కర్ర లేకుండా నడవలేరు. అమ్మగారు నన్ను పిలిచి, "పాపా, నువ్వు ఏమీ అనుకోకపోతే దీన్ని రోజూ కాసేపు తిప్పుకొస్తావా, ఎంతో కొంత ఇస్తాను" అన్నారు. అట్లా మొదలైంది. ఇప్పుడు ఒక్కో కుక్కకి నెలకి రెండున్నర వేలు, మూడు వేలు తీసుకుంటాను, షాపులో పన్నెండు గంటలు నిలబడితే వచ్చిన దాని కంటే మేలు, మా పిల్లల్ని స్కూలుకి పంపే టైమ్‌కి ఇంట్లో ఉంటాను.

ఆ మాస్టారి ఇల్లు లాంటివే ఇప్పుడు మీ అపార్ట్‌మెంట్లలో ఎన్నో ఉన్నాయి, మీకే తెలుసు. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో డల్లాస్‌లోనో, ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు, ఒక కుక్క. వీడియో కాల్‌లో కొడుకు ముందు అడిగేది కుక్కనే. ఆ తల్లి మాట్లాడేది కూడా రోజంతా దాంతోనే. నేను వెళ్లి తలుపు కొడితే కుక్క కోసం వచ్చానని పేరు గానీ, ఆ పెద్దామె బీపీ మాత్ర వేసుకుందో లేదో, గ్యాస్ బుక్ చేయాలేమో అవి కూడా చూసే వస్తాను. ఎవరూ అడగరు, నాకే పోబుద్ధి కాదు. మీ రూలు వల్ల నేను రావడం మానేస్తే ఆమె తొమ్మిది తర్వాత, ఎండలో, మెట్ల మీద, ఆ కుక్కని పట్టుకుని తనే దిగాలి. కుక్క ఒక్కసారి గట్టిగా లాగిందంటే తుంటి ఎముక విరుగుతుంది. ఇది కమిటీలో ఎవరైనా ఆలోచించారా?

లిఫ్ట్ సంగతి కూడా ఇక్కడే చెబుతాను. లాబ్రడార్లకి, జర్మన్ షెపర్డ్‌లకి వయసు మీద పడేకొద్దీ చాలావాటికి తుంటి కీళ్లు పాడవుతాయి, ఆ జాతుల్లో ఎక్కువగా వచ్చే జబ్బు అది. అట్లాంటి కుక్కని అయిదు అంతస్తులు మెట్లు దించి ఎక్కించమంటే అది మూడో అంతస్తులో కూర్చుండిపోతుంది, వెనక కాళ్లు వణుకుతుంటాయి, నా మొహంలోకి చూస్తుంది. ముప్పై కిలోల్ని నేను మోయలేను. ఇక పనివాళ్లు కూడా లిఫ్ట్ ఎక్కకూడదన్న దాని గురించి నాకు నిజంగా బాధగా ఉంది. మీ అంట్లు తోమే అక్క, మీ వంట చేసే అక్క, మీ ఇంట్లో ముసలాయనకి స్నానం చేయించే తమ్ముడు, వీళ్లందరి చేతులూ మీ ఇంట్లో పనికొస్తున్నప్పుడు మీ లిఫ్ట్ బటన్ మీద ఎందుకు పడకూడదు? మెయింటెనెన్స్ మేం కట్టడం లేదంటారు. మీ ఇంటికి చుట్టాలొస్తే వాళ్లు కడుతున్నారా? ఈ మాట కటువుగా అనిపిస్తే అననివ్వండి, నోటీసులో కుక్కలు, పనివాళ్లు అని ఒకే లైన్లో చదివినప్పుడు మాకూ అట్లానే అనిపించింది.

ఇప్పుడు మీ వైపు నుంచి మాట్లాడతాను. కుక్కలంటే భయపడేవాళ్లున్నారు, ఆ భయాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. రేబిస్ ఒకసారి లక్షణాలు బయటపడిందంటే దాదాపుగా బతికించే మందు లేదు, పిల్లల్ని కన్నవాళ్లు భయపడకుండా ఎట్లా ఉంటారు. కానీ ఆ భయానికి పరిష్కారం టీకా. కుక్కపిల్లకి మూడు నెలలప్పుడు మొదటి రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టర్ చెప్పిన ప్రకారం బూస్టర్, సామాన్యంగా ఏడాదికోసారి వేయిస్తారు. టీకా కార్డు చూపించని ఇంటి కుక్కని నేను పట్టుకోను, ఎంత ఇస్తామన్నా పట్టుకోను. నేను కూడా కుక్క కరవకముందే వేయించుకునే సూదులు మూడు వేయించుకున్నాను, మొదటి రోజు, ఏడో రోజు, మళ్లీ మూడు నాలుగు వారాలకి ఇస్తారు. ఈ పని చేసేవాళ్లు ఎవరైనా చదువుతుంటే దయచేసి వేయించుకోండి. ఒకవేళ ఎవరినైనా కుక్క కరిస్తే, గీరినా సరే, పసుపు, కారం, సున్నం ఏమీ పెట్టొద్దు. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి, గవర్నమెంట్ ఆసుపత్రుల్లో ఆ సూది డబ్బుల్లేకుండానే వేస్తారు. వేసుకున్నవాళ్లు రెండో డోసుకే మానేయకండి.

ఇక శుభ్రం. పార్కింగ్‌లో కుక్క పెంట కనబడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది, మండాలి కూడా. నా చేతిలో ఎప్పుడూ పాత పేపర్లు, కవర్లు ఉంటాయి, నా కుక్క చేసింది నేనే ఎత్తి డస్ట్‌బిన్‌లో వేస్తాను. అట్లా చేయని ఓనర్లు ఉన్నారు, వాళ్లని పేరు పెట్టి పిలిచి అడగండి, నేనేమీ అడ్డురాను. గొలుసు లేకుండా వదిలేసేవాళ్లని కూడా అడగండి. తప్పు చేసినవాళ్లని వదిలేసి అన్ని కుక్కల్నీ ఎండలోకి తోలితే అది న్యాయం కాదు.

చట్టం గురించి మాట్లాడాల్సి వస్తుందనుకోలేదు, కానీ ఒక కమిటీ మెంబర్ గారు "మా బిల్డింగ్, మా రూలు" అన్నారు కాబట్టి రాస్తున్నాను. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డు ఒకటి ఉంది. అది 1962లో మొదలైంది, రుక్మిణీదేవి అరండేల్ గారు దానికి మొదటి ఛైర్‌పర్సన్, ఆఫీసు కూడా చాలాకాలం మన పక్కనున్న చెన్నైలోనే ఉండేది. ఆ బోర్డు 2015 ఫిబ్రవరిలో అపార్ట్‌మెంట్ల సంఘాలకి మార్గదర్శకాలు పంపింది. మెజారిటీ ఓటు వేసినా సరే పెంపుడు కుక్కల్ని ఉంచొద్దని రూలు పెట్టకూడదని, లిఫ్ట్ వాడొద్దని ఆపకూడదని అందులో ఉంది. పార్కుల్లో తిప్పుకునే విషయంలో ఇద్దరికీ కుదిరే టైమ్ మాట్లాడుకోమని ఉంది. టీకాలు, గొలుసు, శుభ్రం ఓనర్ల బాధ్యత అని కూడా అదే కాగితంలో ఉంది. నేను అడుగుతున్నది కూడా అదే, ఇద్దరికీ కుదిరే టైమ్. తొమ్మిది నుంచి నాలుగు అనేది ఎవరికీ కుదిరే టైమ్ కాదు.

వీధికుక్కల గొడవ వేరు, కానీ రెండూ కలిపి మాట్లాడుతున్నారు కాబట్టి ఒక మాట. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది ఏందంటే, వీధికుక్కల్ని పట్టి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, మళ్లీ అదే వీధిలో వదలాలి, రేబిస్ ఉన్నవాటిని, మీద పడి కరిచేవాటిని మాత్రం వదలకూడదు. తిండి పెట్టడానికి వేరే చోటు చూపించాలని కూడా చెప్పింది. అదే ఏడాది నవంబరులో స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి మాత్రం కుక్కల్ని తీసేయమంది. చెవి కొన కత్తిరించి ఉన్న కుక్క కనిపిస్తే దానికి ఆపరేషన్ అయిపోయిందని గుర్తు. నాకు ఈ పనిలో రోజూ వచ్చే కష్టం ఈ వీధికుక్కలతోనే, ప్రతి సందుకీ ఒక గుంపు, వాటి హద్దులోకి మన కుక్క అడుగుపెడితే ఊరుకోవు. అప్పుడు పరుగెత్తకూడదు, మన కుక్కని ఒంటికి ఆనించుకుని, కళ్లు కలపకుండా, మెల్లగా పక్కకి తప్పుకోవాలి. పొద్దున్నే అయితే రోడ్డు వెడల్పుగా ఖాళీగా ఉంటుంది కాబట్టి తప్పుకోవచ్చు. ట్రాఫిక్ మొదలయ్యాక అటు బండ్లు, ఇటు కుక్కలు, నేను ఎటు పోవాలి? పొద్దున టైమ్ అడగడానికి ఇది కూడా ఒక కారణం.

ఏడాదంతా ఒకే మాదిరి ఉండదని నాకూ తెలుసు, సర్దుకోవడం నాకూ తెలుసు. రొట్టెల పండగ రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర లక్షల మంది వస్తారు, ఆ చుట్టుపక్కలకి కుక్కల్ని తీసుకెళ్లను, ఇంకో దారి పెట్టుకుంటాను. కార్తీక మాసం వానల్లో నీళ్లు నిలిచిన చోట నడిపించను, ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్లతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, అది కుక్కకీ మనిషికీ ఇద్దరికీ వస్తుంది. వాన వారం రోజులు పట్టిందంటే గొడుగు కింద నేను, నా కాళ్ల మధ్య కుక్క, పనేదో అయిందనిపించుకుని వచ్చేస్తాం. దీపావళికి సాయంత్రం అసలు బయటికి తీయను, చీకటి పడకముందే తెచ్చేస్తాను. మీ పిల్లల ఆటల టైమ్ ఆరు నుంచి ఏడు అంటే మేం ఏడు తర్వాత దిగుతాం. ముసలివాళ్లు అయిదున్నర నుంచి ఆరున్నర కాంపౌండులో నడుస్తారంటే మేం గేటు దాటి బయట నడుస్తాం. కాంపౌండే కావాలని మాకేం పట్టుదల లేదు. లిఫ్ట్‌లో ఎవరైనా కుక్కంటే భయపడేవాళ్లు ఉంటే మేం ఆగి తర్వాతి ట్రిప్‌లో ఎక్కుతాం, ఇప్పటికీ అట్లానే చేస్తున్నాను, అడగండి వాచ్‌మన్‌ని.

ఈ పనిలో ఏడుపు కూడా ఉంది. ఒక ఇంటివాళ్లు హైదరాబాదుకి మారిపోయారు, వెళ్లేది నాకు చెప్పలేదు, పొద్దున వెళ్లి బెల్లు కొడితే తాళం. ఆ కుక్క పేరు స్వీటీ, పామేరియన్, నా చున్నీ కొస పట్టుకుని గేటు దాకా వచ్చేది. నెల డబ్బులు తర్వాత ఫోన్‌లో వేశారు, కానీ ఒక్కసారి చూపించి ఉంటే బాగుండేది. మాస్టారి లాబ్రడార్ ముసలిదై చనిపోయింది. చివరి రోజుల్లో వీధి చివర దాకా కూడా రాలేక గుమ్మం ముందు ఎండ తగలని చోట పడుకుని వాసన చూసేది, నేను పక్కన కూర్చునేదాన్ని, అమ్మగారు దానికి కూడా డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. ఇంకోటి చెప్పడానికే కష్టంగా ఉంది, మోజుపడి కొనుక్కుని, చర్మం రోగం రాగానే బైపాస్ పక్కన వదిలేసి పోయిన కుక్కలు కనబడుతుంటాయి, మెడకి బెల్టు ఇంకా ఉంటుంది, ఆగిన ప్రతి కారు దగ్గరికీ పరుగెత్తుతుంది. ఇంట్లో కుక్కని పెట్టుకోవడం కష్టం చేసే కొద్దీ ఇట్లా వదిలేసేవాళ్లు ఎక్కువవుతారు. మీ నోటీసు చూసిన ఒక హస్కీ ఓనర్ అప్పుడే "ఎవరికైనా ఇచ్చేద్దామా" అని నన్ను అడిగాడు. హస్కీని నెల్లూరులో ఎవరు తీసుకుంటారు సార్?

నా వైపు నుంచి నేను చేయగలిగింది చేస్తాను. మీ బిల్డింగ్‌లో ఉన్న కుక్కలన్నిటి టీకా కార్డుల ఫోటోలు తీసి సెక్రటరీ గారికి ఇస్తాను. ఏటా జులై 6న జూనోసిస్ డే, అంటే జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బుల గురించి జరిపే రోజు అని పశుసంవర్ధక శాఖవాళ్లు పెంపుడు కుక్కలకి ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు, ఆ రోజు మీ బిల్డింగ్ కుక్కలన్నిటినీ అక్కడికి తీసుకెళ్లే పని నాది, దానికి డబ్బులు వద్దు. ఎత్తని పెంట ఎక్కడైనా కనబడితే ఫోటో పెట్టండి, అది నేను తిప్పే కుక్కదైతే నేనే వచ్చి కడుగుతాను. కుక్కంటే భయపడే పిల్లలు ఉంటే, వాళ్ల అమ్మానాన్నలు ఒప్పుకుంటే, ఆదివారం పూట లక్కీని పక్కన పెట్టుకుని, కుక్క దగ్గరికి ఎట్లా వెళ్లాలి, ఎప్పుడు వెళ్లకూడదు, అది తింటున్నప్పుడు ఎందుకు ముట్టుకోకూడదు, అవన్నీ నేర్పిస్తాను.

మీరు చేయాల్సింది ఆ నోటీసు మార్చడం. మార్చి నెల వచ్చేలోపు మారిస్తే మంచిది, ఏప్రిల్ దాకా ఆగితే ఈ లోపు ఏ పగ్గో పడిపోతుంది. కమిటీ మీటింగ్‌కి నన్ను కూడా పిలవండి, మాట్లాడనివ్వండి, ఆదివారం తొమ్మిది దాటాక ఎప్పుడు పెట్టినా వస్తాను. ఏ టైమ్ అనేది అక్కడే కూర్చుని తేల్చుకుందాం.

ఇట్లు,
మీ ఇళ్లల్లో కుక్కల్ని వాకింగ్‌కి తీసుకెళ్లే అమ్మాయి,
వేదాయపాళెం, నెల్లూరు